తెలుగు తోకలు, ఇంగ్లిషు చీటీలు: ఒక నెల ప్రాజెక్టు డైరీ

జూన్ 3

ఇవాళ నేను టైపు చేసిన ఉత్తరం ఒకటి తిరిగొచ్చింది. ఏలూరులో పవర్‌పేట స్టేషన్ దగ్గర మాది చిన్న డి.టి.పి. షాపు. వచ్చేవాళ్ళు విషయం తెలుగులో చెబుతారు, నేను ఇంగ్లిషులో కొట్టి ఇస్తాను. పోయిన వారం ఒక పెద్దాయన "ఆఫీసరు గారు కాగితాలు ఇవ్వమని సూచించారు అని రాయమ్మా" అంటే, ‘ద ఆఫీసర్ సజెస్టెడ్ మీ టు సబ్‌మిట్ ద పేపర్స్’ అని కొట్టాను. ఆ ఆఫీసులో ఎవరో ‘మీ టు’ చుట్టూ ఎర్ర పెన్నుతో సున్నా చుట్టారు. కాగితాలు తీసుకున్నారట, పనేం ఆగలేదు. కానీ పెద్దాయన ఆ కాపీ తెచ్చి కౌంటర్ మీద పెట్టి "ఇందులో తప్పేంటమ్మా?" అని అడిగారు. చెప్పలేకపోయాను. పదకొండేళ్ళుగా ఇదే పని చేస్తున్నాను, ఒక్క సున్నాకి జవాబు లేదు.

షట్టర్ దించాక కూర్చుని ఆలోచించాను. ‘రమ్మని చెప్పాడు’ అంటే ‘టోల్డ్ మీ టు కమ్’. ‘రమ్మని అడిగాడు’ అంటే ‘ఆస్క్‌డ్ మీ టు కమ్’. ‘రమ్మని సలహా ఇచ్చాడు’ అంటే ‘అడ్వైజ్‌డ్ మీ టు కమ్’. మూడూ సరైనవే. అంటే తెలుగు మాటకి ‘-మని’ అనే తోక కనిపిస్తే చాలు, నా వేళ్ళు వాటంతట అవే ‘మీ టు’ కొట్టేస్తున్నాయి. ‘సజెస్ట్’ మాత్రం ఆ అచ్చులో పట్టదు. దానికి ‘సజెస్టెడ్ దట్ ఐ సబ్‌మిట్’ అనాలి. లేదా మనిషి ఊసెత్తకుండా ‘సజెస్టెడ్ సబ్‌మిటింగ్’ అని ఊరుకోవాలి.

మరి మిగతా తోకల సంగతి? ‘-డం’, ‘-డానికి’, ‘-ఆలని’. ఒక్కో తోకకి ఇంగ్లిషులో ఏం పడుతుందో ఈ నెలంతా పట్టుకుని చూడాలనుంది. తోకల లెక్క తేలితే ‘హూ, విచ్, దట్’ సంగతి కూడా చూస్తాను. అక్కడ నేను ఇంకా అధ్వాన్నం.

జూన్ 5

సామాను: విజిటింగ్ కార్డులు కోయగా మిగిలిన అట్ట ముక్కలు, మందపాటివి. పసుపు, నీలం, తెలుపు ఉన్నాయి. అరకిలో స్వీటు డబ్బా ఒకటి, లోపల అడ్డుగా పెట్టడానికి రెండు అట్ట పలకలు. ఖర్చు సున్నా, స్వీటు ఎలాగూ తినేశాం.

ముందు చేసిన తెలివితక్కువ పని రాసి పెట్టుకుంటున్నా. గైడులో ఉన్నట్టే ‘ఇంగ్’ తీసుకునే క్రియలు ఒక పట్టిక, ‘టు’ తీసుకునేవి ఒక పట్టిక రాసుకుని బట్టీపట్టాను. ఎంజాయ్, ఫినిష్, అవాయిడ్... వాంట్, హోప్, డిసైడ్... పొద్దున్నకి అప్పజెప్పగలిగాను. మధ్యాహ్నం ఒక లీవు లెటరు కొడుతుంటే ఒక్క పట్టికా గుర్తు రాలేదు. మాట్లాడేటప్పుడూ రాసేటప్పుడూ ముందు మనసులో మెదిలేది తెలుగు వాక్యమే కదా, పట్టిక కాదు. కాబట్టి చీటీకి ముందు వైపు తెలుగు వాక్యం, వెనక ఇంగ్లిషు. తోక కింద గీత. అంతే.

పసుపు చీటీ అయితే వెనక ‘ఇంగ్’, నీలం అయితే ‘టు’ అనుకున్నాను. పది రాశాక బుర్రకెక్కింది, రంగు చూస్తేనే జవాబు తెలిసిపోతుందని. అన్నీ మళ్ళీ తెల్ల అట్ట మీద రాశాను.

జూన్ 8

రాత్రి ఎనిమిదిన్నరకి మేడ మీద మొదటి రౌండు. నాతో కలిపి నలుగురం. మా ఆడపడుచు నర్సింగు చదివింది, బయటి దేశాల ఉద్యోగాలకి అడిగే ఓ.ఇ.టి. అనే ఇంగ్లిషు పరీక్షకి తయారవుతోంది. పక్కింటి పిన్ని ఆగస్టులో కూతురి దగ్గరికి డల్లాస్ వెళ్తోంది. మూడో ఆయన ఎదురుగా ఉన్న మెడికల్ షాపు కుర్రాడు, నన్ను అక్కా అంటాడు, వాడికి ఏ పరీక్షా లేదు, ఊరికే వచ్చాడు. ఊరికే వచ్చినవాడే అందరికంటే ఎక్కువ ప్రశ్నలు వేశాడు.

32 చీటీలు తోకలవారీగా పేర్చాం. ‘-డం’ 12, ‘-ఆలని’ 6, ‘-డానికి’ 8, ‘-మని’ 6. నా సూత్రం ఇది: ‘-డం’ వస్తే ‘ఇంగ్’, ‘-ఆలని’ గానీ ‘-డానికి’ గానీ వస్తే ‘టు’, ‘-మని’ వస్తే మనిషిని చెప్పి ‘టు’.

‘చదవడం పూర్తి చేశా’: ‘ఫినిష్‌డ్ రీడింగ్’. ‘వెళ్ళడం వాయిదా వేశా’: ‘పోస్ట్‌పోన్డ్ గోయింగ్’. ‘వెళ్ళాలని నిర్ణయించుకున్నా’: ‘డిసైడెడ్ టు గో’. ‘రావడానికి ఒప్పుకుంది’: ‘అగ్రీడ్ టు కమ్’. ‘అడగడానికి మొహమాటపడ్డా’: ‘హెజిటేటెడ్ టు ఆస్క్’. ఇలా 25 చీటీలు సూత్రానికి లొంగాయి. వాటిలో స్టార్ట్, కంటిన్యూ, లైక్ అనే మూడూ రెండు రకాలుగానూ పోతాయి, కాబట్టి అక్కడ తప్పు చేద్దామన్నా కుదరదు.

లొంగనివి ఏడు. పేర్లు రాసుకుంటున్నా, ఇక ఈ నెలంతా వీటితోనే కాపురం.

‘తాళం వేయడం మర్చిపోయా’ అంటే ‘ఫర్గాట్ టు లాక్’. ‘-డం’ ఉన్నా ‘టు’. ‘ఈత కొట్టడం నేర్చుకున్నా’ అంటే ‘లెర్న్‌డ్ టు స్విమ్’. ఇదీ అంతే. ‘వెళ్ళాలని ఆలోచిస్తున్నా’ అంటే ‘థింకింగ్ ఆఫ్ గోయింగ్’. ‘కిటికీ తీయడానికి మీకేమైనా అభ్యంతరమా?’ అంటే ‘డూ యు మైండ్ ఓపెనింగ్ ద విండో?’ దీనికి మర్యాద కొద్దీ ‘ఎస్’ అన్నామా, నాకు అభ్యంతరమే అని చెప్పినట్టు! ‘మిమ్మల్ని కలవడానికి ఎదురుచూస్తున్నా’, ‘నేల మీద పడుకోవడానికి అలవాటు పడ్డా’ అనేవి ఇంకో తలనొప్పి, విడిగా చూడాలి. ఏడోది మా ‘సజెస్ట్’.

ఇంకొకటి. ‘-ఆలని’ ముందు వేరే మనిషి ఉంటే పిన్నీ నేనూ ఒకే గుంటలో పడ్డాం. ‘నువ్వు రావాలని నాకుంది’ అనే చీటీకి ఇద్దరం ‘ఐ వాంట్ దట్ యు షుడ్ కమ్’ అన్నాం. తెలుగులో ‘నువ్వు రావాలి’ అనేది నిండు వాక్యం, దానికి ‘అని’ చేర్చాం. ఇంగ్లిషులో ‘వాంట్’ నిండు వాక్యాన్ని మోయదు, మనిషిని పట్టుకుని ‘టు’ అంటుంది: ‘ఐ వాంట్ యు టు కమ్’.

జూన్ 12

ఇవాళ్టి రౌండు నాకు బాగా నచ్చింది. గైడుల్లో ‘స్టాప్’ గురించి అరపేజీ హెచ్చరిక ఉంటుంది: ‘స్టాప్‌డ్ డ్రింకింగ్’ వేరు, ‘స్టాప్‌డ్ టు డ్రింక్’ వేరు, జాగ్రత్త అని. నేనూ భయపడుతూనే చీటీ రాశాను. తీరా రాస్తే, తెలుగులో అసలు రెండు క్రియలున్నాయి. ‘టీ తాగడం ఆపాను’, ‘టీ తాగడానికి ఆగాను’. ఆపడం వేరు, ఆగడం వేరు. తోకలు కూడా సూత్రం ప్రకారమే ఉన్నాయి. మెడికల్ షాపు కుర్రాడు ఒక్కసారి విని "ఇందులో కష్టమేముందక్కా?" అన్నాడు. నిజంగానే లేదు.

దాంతో మిగతా జంటలన్నీ తిరగేశాం. ‘రిమెంబర్’: ‘తాళం వేసినట్టు గుర్తుంది’ అంటే పని అయిపోయింది, ‘ఐ రిమెంబర్ లాకింగ్’. ‘గుర్తుపెట్టుకుని తాళం వేశా’ అంటే ముందు గుర్తు, తర్వాత పని, ‘ఐ రిమెంబర్డ్ టు లాక్’. అసలు తేడా అంతా ఏది ముందు, ఏది వెనక అన్నదే.

‘ట్రై’ దగ్గర పిన్ని గెలిచింది. మా వంటింటి తలుపు వానాకాలం ఉబ్బి బిగుసుకుపోతుంది. ‘తలుపు తీయడానికి ప్రయత్నించా’ అంటే తెరుచుకోలేదనే అర్థం వస్తోంది, ‘ట్రైడ్ టు ఓపెన్’. మరి ‘ట్రైడ్ పుషింగ్’ని తెలుగులో ఏమనాలి? నేను ‘నెట్టడం ప్రయత్నించా’ అని రాసుకొచ్చాను. పిన్ని మొహం అదోలా పెట్టి, "అలా ఎవరంటారే? నెట్టి చూశా అంటాం" అంది. నెట్టి చూశా, తిప్పి చూశా, తట్టి చూశా, నూనె రాసి చూశా. పనైతే చేశాం, ఫలితం ఏమవుతుందో చూద్దామని చేశాం. ఇంగ్లిషు ‘ట్రై’ పక్కన ‘ఇంగ్’ చెప్పేది సరిగ్గా ఇదే. నా చీటీ చింపేసి పిన్ని వాక్యం రాశాను.

జూన్ 15

కరెంటు లేదు, వాన. రెండు చీటీలు తడిశాయి. ఇంకు పెన్నుతో రాయొద్దు, బాల్ పెన్నే నయం.

జూన్ 17

‘లెట్’, ‘మేక్’. తోకలు కావు ఇవి, క్రియ కడుపులోనే ఉంటాయి. ‘వెళ్ళనిచ్చింది’లో ‘-నిచ్చు’, ‘వండించింది’లో ‘-ఇంచు’. రెంటికీ ఇంగ్లిషులో ‘టు’ రాదు, ఒట్టి క్రియే. ‘షి లెట్ మీ గో’, ‘షి మేడ్ మీ కుక్’.

పిన్ని పోయినసారి డల్లాస్‌లో పొరుగావిడతో చెప్పిన మాట గుర్తు చేసుకుంది: ‘మై డాటర్ నాట్ లెట్ మీ టు కుక్’. అర్థమైంది కదా అని పిన్ని వాదన. అర్థమైంది సరే, చీటీ మీద మాత్రం ‘డిడ్‌న్ట్ లెట్ మీ కుక్’ అనే రాశాం. ‘అలౌ’ వాడితే ‘టు’ పెట్టొచ్చు కాబట్టి పిన్నికి అదే ఇచ్చాను. ‘డిడ్‌న్ట్ అలౌ మీ టు కుక్’. ‘టు’ పెట్టే అలవాటు ఎలాగూ ఉంది, దాన్ని సరైన మాట పక్కకి జరిపితే సరిపోతుంది కదా!

ఆడపడుచు ఇంకో మెలిక తెచ్చింది. "వదినా, నన్ను రెండు గంటలు నిలబెట్టారు అనాలంటే?" తెలుగులో ఎవరు నిలబెట్టారో చెప్పకుండా నడిపించేస్తాం. ఇంగ్లిషులో ‘దే మేడ్ మీ వెయిట్’ అనొచ్చు. ‘దే’ లేకుండా చెప్పాలంటే ‘ఐ వాజ్ మేడ్ టు వెయిట్’. తిప్పి చెప్పగానే పోయిన ‘టు’ వెనక్కొచ్చేసింది. ఎందుకో అడగొద్దని చెప్పాను. కొన్నిటికి చీటీయే సమాధానం.

జూన్ 20

‘లుకింగ్ ఫార్వర్డ్ టు హియర్ ఫ్రమ్ యు’. ఈ వాక్యాన్ని నా చేతులతో ఎన్ని ఉత్తరాల చివర కొట్టానో! ‘హియరింగ్’ అనాలి. ఎవరూ ఎర్ర సున్నా చుట్టలేదు, అది వేరే సంగతి.

ఇంగ్లిషులో ‘టు’లు రెండున్నాయి. ఒకటి క్రియకి అంటుకునే ‘టు’: టు గో, టు ఈట్. ఇంకోటి మన ‘-కి, -కు’ లాంటిది: టు ఏలూరు, టు మీ. రెండోదాని తర్వాత నామవాచకం రావాలి, క్రియ వస్తే ‘ఇంగ్’ తొడుక్కుని రావాలి. ఏ ‘టు’ ఏదో తేల్చడానికి మేం పెట్టుకున్న పరీక్ష: క్రియ తీసేసి ‘ఇట్’ పెట్టి చూడు. ‘ఐ లుక్ ఫార్వర్డ్ టు ఇట్’, కుదిరింది. ‘ఐ యామ్ యూజ్డ్ టు ఇట్’, కుదిరింది. ‘ఐ వాంట్ టు ఇట్’, కుదర్లేదు. కుదిరితే ‘ఇంగ్’. మెడికల్ షాపు కుర్రాడు దీన్ని అట్ట మీద రాసుకుని బిల్లు బుక్కులో పెట్టుకున్నాడు.

‘యూజ్డ్ టు’ జంట మాత్రం ఒక సాయంత్రమంతా తినేసింది. ‘నేల మీద పడుకోవడానికి అలవాటు పడ్డా’ అంటే ‘ఐ యామ్ యూజ్డ్ టు స్లీపింగ్ ఆన్ ద ఫ్లోర్’. ‘ఒకప్పుడు నేల మీద పడుకునేదాన్ని’ అంటే ‘ఐ యూజ్డ్ టు స్లీప్ ఆన్ ద ఫ్లోర్’. తెలుగులో ఈ రెంటికీ పోలికే లేదు, ‘అలవాటు’ ఎక్కడ, ‘-నేదాన్ని’ ఎక్కడ! తెలుగు వైపు నుంచి వస్తే తికమక పడే అవకాశమే తక్కువ. ఇంగ్లిషు వైపు నుంచి మొదలుపెట్టినందుకే ఇన్నాళ్ళూ కలిసిపోయాయి.

జూన్ 24

రెండో భాగం మొదలు. ‘హూ, విచ్, దట్’.

ఇక్కడ తోక సూత్రం పనికి రాదు, మొత్తం వాక్యం వరసే మారిపోతుంది. ‘నిన్న మందులు కొన్న ఆయన మళ్ళీ వచ్చాడు.’ కొన్న అనేది బళ్ళో నేర్పిన క్రియాజన్య విశేషణం. ఆయన ఎలాంటివాడో ముందు చెప్పి, ఆయన్ని తర్వాత చెబుతాం. ఇంగ్లిషువాడు ముందు మనిషిని నిలబెట్టి, తర్వాత ‘హూ’ అని వేలు చూపించి వివరం చెబుతాడు. ఆ వేలు చూపించే మాట మనకి లేదు. ద్రావిడ భాషల్లో ఇలాంటి సర్వనామం లేదనీ, ఆ పని క్రియా రూపమే చేస్తుందనీ కాల్డ్‌వెల్ అనే మిషనరీ 1856లోనే తన ద్రావిడ భాషల వ్యాకరణంలో రాశాడు. ‘ఎవరైతే వచ్చారో వాళ్ళు’ అనేది ఉంది కానీ, అలా రోజూ ఎవరు మాట్లాడుకుంటారు? ఉపన్యాసాల్లో తప్ప.

చీటీలు చాలవని ఏ4 కాగితాన్ని నిలువుగా నాలుగు పట్టీలుగా కోశాను. పట్టీ మీద తెలుగు వాక్యం పొడుగ్గా రాసి, కత్తెరతో మూడు ముక్కలు: [నిన్న మందులు కొన్న] [ఆయన] [మళ్ళీ వచ్చాడు]. ఇప్పుడు మొదటి ముక్కా రెండో ముక్కా స్థానాలు మార్చాలి. [ఆయన] [నిన్న మందులు కొన్న] [మళ్ళీ వచ్చాడు]. మధ్యలో ‘హూ’ అని రాసిన ఎర్ర ముక్క దూర్చాలి. ఆ తర్వాత మాత్రమే ఇంగ్లిషు: ‘ద మ్యాన్ హూ బాట్ మెడిసిన్స్ ఎస్టర్డే కేమ్ అగైన్.’

మొదటి ముక్క లోపల కూడా వరస తిరగబడుతుంది (మందులు కొన్న, బాట్ మెడిసిన్స్) కాబట్టి మెడికల్ షాపు కుర్రాడు రెండుసార్లు తడబడ్డాడు. కానీ చేత్తో ముక్క జరపడం వల్ల ఏదో జరిగింది. పదో వాక్యానికి ముక్కలు కోయకుండానే గాల్లో చెయ్యి ఎడమ నుంచి కుడికి తిప్పుతూ చెప్పేశాడు. ఇప్పుడు షాపులో ఇంగ్లిషు మాట్లాడేటప్పుడల్లా ఆ చెయ్యి తిరుగుతోంది. జనం ఏమనుకుంటున్నారో!

పిట్టకథ ఒకటి. ఏ క్రియ పక్కన ఏ రూపం రావాలో వరసలుగా కట్టి నిఘంటువులో పెట్టిన ఎ.ఎస్. హార్న్‌బీ 1920లలో జపాన్ వెళ్ళిన ఇంగ్లిషు మాస్టారు. ఆ నిఘంటువు మొదట 1942లో టోక్యోలో అచ్చయింది, తర్వాత 1948లో ఆక్స్‌ఫర్డ్ వాళ్ళు వేశారు. జపనీసులో కూడా వివరం ముందు, మనిషి తర్వాత, అచ్చం మనలాగే. అక్కడి పిల్లలు కూడా ముక్కలు అటూ ఇటూ జరుపుకునే ఉంటారని నా ఊహ.

జూన్ 27

ఇవాళ్టి దెబ్బ గట్టిది. నాలుగు చీటీలు, నలుగురం, పదహారు జవాబులు. సరైనవి మూడు.

‘కూరలు కోసిన కత్తి’, ‘నేను కూర్చున్న కుర్చీ’, ‘మేం ఉన్న ఇల్లు’, ‘నేను మాట్లాడిన డాక్టరు’. అందరం ‘ద నైఫ్ ఐ కట్ వెజిటబుల్స్’, ‘ద చెయిర్ ఐ శాట్’ అనే చెప్పాం. ఇంగ్లిషులో చివర ఒక ముక్క వేలాడాలి: ‘ద నైఫ్ ఐ కట్ వెజిటబుల్స్ విత్’, ‘ద చెయిర్ ఐ శాట్ ఆన్’, ‘ద హౌస్ వి లివ్‌డ్ ఇన్’, ‘ద డాక్టర్ ఐ స్పోక్ టు’.

ఎందుకు మర్చిపోతున్నాం? తెలుగు వాక్యంలో ఆ ముక్క అసలు లేదు కాబట్టి. కత్తి‘తో’ కోశాం, కుర్చీ‘లో’ కూర్చున్నాం, డాక్టరు‘తో’ మాట్లాడాం. ‘కోసిన కత్తి’ అనగానే ఆ ‘తో’ ఎటో ఎగిరిపోయింది. తెలుగు విభక్తిని మింగేస్తుంది, వినేవాడు అర్థం చేసుకుంటాడులే అని. ‘తిన్న అన్నం’, ‘తిన్న కంచం’, ‘తిన్న హోటలు’: మూడింటికీ ఒకే ‘తిన్న’. అన్నాన్ని తిన్నాం, కంచంలో తిన్నాం, హోటల్లో తిన్నాం. కంచాన్ని తిన్నామని ఎవరూ అనుకోరు. ఇంగ్లిషు మాత్రం ‘ద ప్లేట్ ఐ ఏట్’ అంటే నిజంగా కంచాన్నే నమిలేసినట్టు వింటుంది.

మందు కూడా తెలుగులోనే దొరికింది. పట్టీని రెండు వాక్యాలుగా విడగొట్టాలి. ‘ఇదీ కత్తి. దీంతో కూరలు కోశా.’ మింగేసిన ‘తో’ బయటికొచ్చింది. దాన్ని ఎర్ర ముక్క మీద ‘విత్’ అని రాసి చివర అతికించాలి. విడగొట్టినప్పుడు ‘దీంతో’ కాకుండా ఉత్త ‘దీన్ని’ వస్తే (ఇదీ సినిమా, దీన్ని చూశా) ఏమీ అతికించక్కర్లేదు.

దీనికి ఎదురు తప్పు ఆడపడుచుది. ‘ద పేషెంట్ హూ ఐ గేవ్ హిమ్ ద టాబ్లెట్’ అంది. విడగొట్టిన రెండో వాక్యంలోని ‘అతనికి’ని అలాగే మోసుకొచ్చేసింది. ‘హూ’ వచ్చాక ‘హిమ్’ ఇంటికెళ్ళిపోవాలి. ‘ద పేషెంట్ హూ ఐ గేవ్ ద టాబ్లెట్ టు’. ఉత్తరంలో ఇంకాస్త పద్ధతిగా కావాలంటే ‘టు హూమ్’ ముందుకి తెచ్చుకోవచ్చు.

జూన్ 28

నిన్నటి బాధకి ఇవాళ చిన్న బహుమానం. ‘హూ’నో ‘దట్’నో ఎప్పుడు ఎగరగొట్టొచ్చు అన్నది ఇన్నాళ్ళూ గుడ్డిగుర్రం పందెంలా ఆడాను. పట్టీలు చూస్తుంటే దొరికింది. ‘నేను చూసిన సినిమా’: చూసిన వాడు వేరే ఉన్నాడు, నేను. అలాంటప్పుడు ఎగరగొట్టొచ్చు, ‘ద మూవీ ఐ సా’. ‘నిన్న వచ్చిన అబ్బాయి’: వచ్చిందెవరు? అబ్బాయే. అప్పుడు ఎగరగొట్టకూడదు, ‘ద బాయ్ హూ కేమ్’.

"కరిచిన కుక్క, కుక్క కరిచిన మనిషి" అంది పిన్ని వెంటనే. సరిగ్గా అంతే. కరిచింది కుక్కే, ‘ద డాగ్ దట్ బిట్ హిమ్’లో ‘దట్’ ఉండి తీరాలి. ‘ద మ్యాన్ ద డాగ్ బిట్’లో అక్కర్లేదు.

ఒక్క జాగ్రత్త. తెలుగులో చేసినవాణ్ణి కూడా మింగేస్తుంటాం. ‘చూసిన సినిమాయే మళ్ళీ చూశా’లో ‘నేను’ కనపడదు. కాబట్టి కళ్ళతో వెతక్కుండా ‘ఎవరు?’ అని అడగాలి.

జులై 1

కామాలు. ‘దుబాయ్‌లో ఉండే మా అన్నయ్య’. కామా లేకుండా ‘మై బ్రదర్ హూ లివ్స్ ఇన్ దుబాయ్’ అంటే నాకు ఇంకా అన్నయ్యలున్నారు, వాళ్ళలో దుబాయ్ వాడు అని. రెండు పక్కలా కామాలు పెడితే ఉన్నది ఒక్కడే, దుబాయ్ అనేది అదనపు కబురు. తెలుగులో ఒకే వాక్యం రెంటికీ సరిపోతుంది. నేను అఫిడవిట్లలో ఎన్నిచోట్ల కామాలు మింగి ఎంతమందికి లేని అన్నదమ్ముల్ని పుట్టించానో, తల్చుకుంటే టెన్షన్‌గా ఉంది. కామా తర్వాత ‘దట్’ రాదు, ‘హూ’నో ‘విచ్’నో రావాలి. అది కూడా రాసి డబ్బా మూత లోపల అతికించాను.

ఆడపడుచుకి ఇది మా అందరికంటే ముఖ్యం. ఓ.ఇ.టి. రైటింగులో నర్సులకి కేసు నోట్సు ఇచ్చి ఉత్తరం రాయమంటారు, చదవడానికి అయిదు నిమిషాలు, రాయడానికి నలభై. నోట్సు అంతా తునకలు: వయసు 62, షుగరు, కొడుకుతో ఉంటారు. వాటిని కలిపితే తప్ప ఉత్తరం నడవదు. ‘మిస్టర్ రావ్, హూ లివ్స్ విత్ హిజ్ సన్, ...’ అని రాయించాను. పేరు ఒక్కటే మనిషిది కాబట్టి కామాలు తప్పవు.

‘హూజ్’ అనుకున్నంత కష్టం కాలేదు. ‘కొడుకు అమెరికాలో ఉన్న ఆవిడ’ని విడగొడితే ‘ఆవిడ కొడుకు’ వస్తుంది, ‘ఆవిడ’ స్థానంలో ‘హూజ్’ పెట్టడమే: ‘ద ఉమన్ హూజ్ సన్ ఈజ్ ఇన్ అమెరికా’.

జులై 3

ఎర్ర సున్నా పెద్దాయన ఇంకో అర్జీ కోసం వచ్చారు. ఈసారి నేనే మొదలుపెట్టాను. ‘సజెస్ట్’ అనే మాట మనిషిని నేరుగా పట్టుకోదండీ, ‘టెల్’ పట్టుకుంటుంది, అందుకే చుట్టారు, అన్నాను. ఆయన కాసేపు ఆలోచించి, "అయితే టోల్డ్ అనే రాయి. ఆయన సూచించలేదులే, చెప్పాడు" అన్నారు. ఇరవై రూపాయలు ఇచ్చి వెళ్ళారు.

జులై 6

ఆఖరి రౌండు. తోకలూ ‘హూ’లూ కలిపేశాను. మొదటి చీటీ: ‘అమ్మ తెమ్మన్న మందులు’. మూడే మాటలు. ‘తెమ్మన్న’లో ‘-మని’ ఉంది, ‘మందులు’ ముందు వివరం ఉంది, తెచ్చేది నేను అన్నది మింగేశాం. అన్నీ విప్పితే ‘ద మెడిసిన్స్ మై మదర్ ఆస్క్‌డ్ మీ టు బ్రింగ్’. నలుగురిలో ముగ్గురం చివర ‘దెమ్’ తగిలించాం. ముగ్గురిలో నేనూ ఉన్నాను.

తర్వాత ‘నువ్వు కలవాలనుకుంటున్న ఆవిడ’, ‘నేను వెళ్ళడం మానేసిన గుడి’, ‘వాళ్ళు నన్ను ముట్టుకోనివ్వని ఫోను’. గుడి దగ్గర ఆడపడుచు ‘ద టెంపుల్ ఐ స్టాప్‌డ్ గోయింగ్’ అని ఆగి, చెయ్యి గాల్లో అలాగే ఉంచి, ‘...టు’ అంది. మెడికల్ షాపు కుర్రాడు చప్పట్లు కొట్టాడు. ఫోను చీటీ పిన్నికి వచ్చింది. ‘ద ఫోన్ దే డోంట్ లెట్ మీ టచ్’. ‘టు’ లేదు, ‘ఇట్’ లేదు. అడిగితే, "అది మా మనవడి ఫోనే, ఎలా మర్చిపోతాను" అంది.

మొత్తం 61 చీటీలయ్యాయి. డబ్బాలో ‘వచ్చింది’ అరలో 47, ‘మళ్ళీ’ అరలో 14. ఆ పద్నాలుగులో మొదటి రోజు ఏడింటిలోని రెండున్నాయి, ‘సజెస్ట్’, ‘మైండ్’. కూరలు కోసిన కత్తి ఇంకా అక్కడే ఉంది. పిన్ని వెళ్ళేలోపు ఆ అర ఖాళీ చేయాలి, లేదంటే ఆవిడ చీటీలు విడిగా కట్ట కట్టి సూట్‌కేసులో పెట్టేస్తాను. తెల్ల అట్ట అయిపోయింది. శ్రావణం పెళ్ళి కార్డుల పని వస్తోంది, వాటి కోత ముక్కలు దాచి ఉంచమని ప్రెస్సు అబ్బాయికి చెప్పాను. ‘ఐ టోల్డ్ హిమ్ టు కీప్ దెమ్.’